కార్యదర్శి వార్షిక నివేదిక, 2024-25

గౌరవ సభ్యులకు నమస్కారాలు.

నియమావళి ప్రకారం సర్వసభ్య సమావేశానికి ముందు కార్యదర్శి ఏడాది పనుల నివేదిక సమర్పించాలి. మన సంఘం ఎందుకు ఏర్పడిందో, ఎవరికోసం పనిచేస్తుందో మీకు కొత్తగా చెప్పనక్కర లేదు. మంచం పట్టినవారి ఇళ్లకు వెళ్లడం, మందుల వేళలు గుర్తు చేయడం, క్షయ రోగులకు పప్పు, పల్లీలు, గుడ్లు అందించడం ఈ ఏడాది కూడా సాగాయి. ఎండాకాలంలో గడియార స్తంభం దగ్గర చలివేంద్రం నడిపాం. దసరా ముందు రక్తదాన శిబిరం జరిగింది. ఈ వివరాలన్నీ రిజిస్టరులో ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు. నివేదికలో ఎక్కువ భాగాన్ని మాత్రం ఒక చిన్న వస్తువుకు కేటాయిస్తున్నాను. అది మూడు అడుగుల ఇనుప తీగను వంచి చేసిన కాగితపు కప్పు స్టాండు. ఈ ఏడాది మనం చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా గర్వం కలిగించింది అదే.

గత జూన్‌లో, తొలకరి రోజుల్లో, మన నల్గొండ దగ్గరి తిప్పర్తి వైపు ఒక ఊరికి వెళ్లాం. క్షయతో బాధపడుతున్న ఒక పెద్దాయన వసారాలో నులక మంచం మీద పడుకుని ఉన్నారు. తెమడ ఉమ్మడానికి కొబ్బరి చిప్ప పెట్టుకున్నారు. అందులో అడుగున బూడిద. రోజూ పొద్దున ఆయన భార్య దానిని చేత్తో తీసి, కడిగి, మళ్లీ అక్కడే పెడుతున్నారు. మేము వాడి పారేసే కాగితపు కప్పులు తీసుకువెళ్లి ఇచ్చాం, ఇక కడిగే పని ఉండదని చెప్పి వచ్చాం. వారం తర్వాత వెళ్తే మళ్లీ కొబ్బరి చిప్పే కనిపించింది. కప్పులు కట్ట విప్పకుండా దూలానికి వేలాడుతున్నాయి. కారణం అడిగితే ఆవిడ చెప్పింది వినగానే మాకు సిగ్గనిపించింది. కాగితపు కప్పుకు బరువు ఉండదు. ఫ్యాను గాలికి పడిపోతుంది. రాత్రి చీకట్లో దగ్గు తెర వచ్చి చెయ్యి చాపితే తగిలి ఒలికిపోతుంది. ఒకసారి పిల్లి పడేసింది. నేల మీద ఒలికిన తెమడను తుడవడం కన్నా చిప్ప కడుక్కోవడమే నయమని ఆమె నిర్ణయించుకుంది. ఆమె నిర్ణయం సరైనదే. నిలబడే ఏర్పాటు లేకుండా కప్పు ఇచ్చి రావడం మన పొరపాటు.

ఆ సంగతి జూలై కార్యవర్గ సమావేశంలో చెప్పినప్పుడు, మన సభ్యులైన విశ్రాంత సైన్సు ఉపాధ్యాయులు ఒక మాట అన్నారు. ఇది కొత్త సమస్య కాదు, నూరేళ్ల కిందటే దీనికి పరిష్కారం దొరికింది, మనమే మరిచిపోయాం అని. 1882 మార్చి 24న రాబర్ట్ కాక్ క్షయకు మూలమైన సూక్ష్మజీవిని కనుగొన్నట్లు బెర్లిన్‌లో ప్రకటించిన తర్వాత, రోగి తెమడను ఏం చేయాలన్నది పెద్ద ప్రశ్న అయింది. జర్మనీలో ఫాల్కెన్‌స్టైన్ ఆరోగ్యాలయానికి (శానటోరియానికి) చెందిన వైద్యుడు డెట్‌వైలర్ 1889లో జేబులో పట్టే నీలి గాజు సీసాను తయారు చేయించారు. ఆ తర్వాత పాశ్చాత్య దేశాల ఆరోగ్యాలయాల్లో మడిచిన కాగితపు కప్పులు వచ్చాయి. ఒక లోహపు చట్రంలో కప్పును కూర్చోబెట్టేవారు. నిండిన కప్పును తీసి కాల్చేసేవారు. చట్రం మిగిలేది, కప్పు మారేది.

మన దేశంలోనూ మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో, మనకు దగ్గరగా అనంతగిరి కొండల్లో క్షయ ఆరోగ్యాలయాలు వెలిశాయి. రోగులు నెలల తరబడి అక్కడే ఉండేవారు. తర్వాత మందులు వచ్చాయి. 1956లో మద్రాసులో ఏర్పాటైన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం, ఇంటి దగ్గర ఉండి మందులు వేసుకున్నవారు కూడా ఆరోగ్యాలయంలో ఉన్నవారితో దాదాపు సమానంగా కోలుకుంటారని 1959లో లోకానికి చూపించింది. రోగి ఇంట్లో ఉండడం వల్ల ఇంట్లోవారికి అదనపు ముప్పు ఉండదని ఆ తర్వాత తేల్చింది. అప్పటినుంచి చికిత్స ఇంటికి వచ్చింది. పేదవాడికి అది ఎంత మేలు చేసిందో లెక్క కట్టలేం. కానీ ఆరోగ్యాలయంలో మంచం పక్కన ఉండే చిన్న చిన్న సౌకర్యాలు రోగితో పాటు ఇంటికి రాలేదు. మాస్టారు ఈ మాట అన్నప్పుడు కార్యవర్గంలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఇక తయారీ. పొలాల చుట్టూ కంచెకు జాలీ అల్లే కార్ఖానా ఒకటి మన పట్టణంలో ఉంది. దాని యజమాని తన పేరు రాయవద్దన్నారు, కాబట్టి రాయడం లేదు. ముక్కలుగా మిగిలిన జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) తీగను ఆయన ఉచితంగా ఇచ్చారు. మొదట పలచని 16 గేజు తీగతో ప్రయత్నించాం. కప్పు సగం నిండేసరికి తీగ వంగిపోయింది. మందమైన 8 గేజు అయితే పటకారుతో వంచడం మన సభ్యుల వల్ల కాలేదు. చివరికి 12 గేజు కుదిరింది. చెక్క మీద కప్పు అంచు కొలతకు గుండ్రంగా మేకులు కొట్టి, వాటి చుట్టూ తీగ తిప్పితే పై చుట్టు తయారవుతుంది. అక్కడినుంచి తీగను నిలువుగా దించి, అడుగున చిన్న చుట్టు చుట్టి, మళ్లీ పైకి తెచ్చి, చివరను కొక్కెంలా వంచాలి. ఆ కొక్కెం మంచం పట్టెకు తగులుకుంటుంది. అతుకు లేదు, వెల్డింగ్ లేదు, మర మేకు లేదు. ఒకే తీగ.

మొదటి విడతలో 40 చేశాం. అందులో 11 పనికి రాలేదు. పై చుట్టు వెడల్పై కప్పు అంచు నిలవక కిందికి జారింది. 200 మిల్లీలీటర్ల కప్పులన్నీ ఒకే కొలత అనుకున్నాం, కానీ ఒక్కో దుకాణంలో ఒక్కో రకం. ఇప్పుడు ఒకే రకం కప్పులు ఒకే చోట కొంటున్నాం. ఇంకో తప్పు కూడా చెప్పాలి. తీగ చివరలను కత్తిరించి అలాగే వదిలేశాం. ఒక ముసలమ్మ వేలికి గీసుకుంది. ఆ రోజే ఇచ్చిన స్టాండులన్నీ వెనక్కి తెచ్చి, చివరలను లోపలికి చుట్టి మళ్లీ ఇచ్చాం. నవారు మంచాలకు, ఇనుప పైపుల మంచాలకు కొక్కెం వేరుగా ఉండాలని కూడా అనుభవం మీదే తెలిసింది.

మంచినీళ్లకు, జావకు వాడే స్టాండుకు ఆకుపచ్చ రంగు, తెమడ కప్పు స్టాండుకు ఎర్ర రంగు వేయాలన్నది మహిళా సభ్యుల ఆలోచన. పచ్చది తల వైపు కుడి పక్క, ఎర్రది ఎడమ పక్క. చదువు రానివారికీ, చూపు మందగించినవారికీ ఇది బాగా ఉపయోగపడింది. ఈగలు వాలకుండా కప్పు మీద మూత పెట్టడానికి అట్టపెట్టెల నుంచి గుండ్రటి బిళ్లలు కత్తిరించి కట్టలు కట్టింది కూడా వారే. సెలవు రోజుల్లో వారు చేసిన ఈ పనికి ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే.

ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసే ఒక సిస్టరు మమ్మల్ని రెండు విషయాల్లో సరిదిద్దారు. కప్పులో వేయడానికి మేము దుకాణంలో దొరికే ఫినాయిలు కొని ఇస్తున్నాం. తెమడలోని క్రిములను చంపడానికి కావలసింది అయిదు శాతం ఫినాలు ద్రావణమని, రెండూ ఒకటి కావని ఆమె చెప్పారు. ఆ ద్రావణం చర్మం మీద పడితే కాలుతుంది కాబట్టి పిల్లలకు అందకుండా పెట్టమని కూడా హెచ్చరించారు. రెండో విషయం, కప్పులకు లోపల పలచని ప్లాస్టిక్ పూత ఉంటుంది. పొయ్యిలో వేసి కాలిస్తే ఆ పొగ రోగికే హాని. అందుకే ద్రావణంలో తగినంత సేపు ఉంచి, బావికి దూరంగా గొయ్యి తీసి పూడ్చమంటున్నాం.

వైద్యులు చెప్పిన ఇంకో మాటను సభ్యులందరూ గుర్తుంచుకోవాలి. క్షయ ప్రధానంగా దగ్గినప్పుడు గాలి ద్వారా వ్యాపిస్తుంది. కప్పు ఒక్కటే దానిని ఆపలేదు. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోవడం, కిటికీలు తెరిచి ఉంచడం, అన్నిటికన్నా ముఖ్యంగా కనీసం ఆరు నెలలు మందులు మానకుండా వేసుకోవడం తప్పనిసరి. మందులు సరిగా వేసుకుంటే కొద్ది వారాల్లోనే ఇతరులకు అంటించే గుణం బాగా తగ్గుతుంది. మరి ఈ స్టాండు ఎందుకు అని ఒకరిద్దరు సభ్యులు అడిగారు. తిప్పర్తి వైపు ఊరి పెద్దాయన మాటే నా జవాబు. ఎర్ర స్టాండు తగిలించి వచ్చిన పది రోజులకు వెళ్తే ఆయన మన కుర్రవాడి చెయ్యి పట్టుకుని, "బిడ్డా, ఇప్పుడు రాత్రిపూట నా ముసలిదాన్ని లేపే పని లేదు" అన్నారు. ఫిబ్రవరిలో ఆయన చికిత్స పూర్తయింది. స్టాండును శుభ్రం చేసి మనకు తిరిగి పంపారు. దానిని కనగల్ దారిలో మరొకరికి ఇచ్చాం.

మార్చి 24న ప్రపంచ క్షయ నివారణ దినం సందర్భంగా రామగిరిలో మనం జరిపిన కార్యక్రమం ఈ ఏడాదికి తలమానికం. సాయంత్రం నుంచి చీకటి పడేదాకా పిల్లలు, పెద్దలు వరుసగా కూర్చుని స్వయంగా తీగ వంచారు. జాలీ కార్ఖానా కార్మికులు ఇద్దరు పక్కనే నిలబడి నేర్పారు. చికిత్స పూర్తి చేసుకున్న ఒక మహిళ వేదిక ఎక్కి, తనకు ఈ జబ్బు వచ్చిందని మొదటిసారి నలుగురిలో చెప్పారు. ఇంట్లో తన కంచం, గ్లాసు వేరు పెట్టిన రోజుల గురించి ఆమె మాట్లాడుతుంటే ముందు వరుసలో చాలామంది కళ్లు తుడుచుకున్నారు. ఆ సాయంత్రం 63 స్టాండులు తయారయ్యాయి. ఒక్కటి కూడా వృథా కాలేదు.

కృతజ్ఞతలు చెప్పవలసినవారు చాలామంది. తీగ ఇచ్చిన యజమాని, నేర్పిన కార్మికులు, చరిత్ర చెప్పి దారి చూపిన మాస్టారు, మూతలు కత్తిరించిన మహిళా సభ్యులు, తప్పులు దిద్దిన సిస్టరు, దారి చూపి ఇళ్లు పరిచయం చేసిన ఆశా కార్యకర్తలు, కప్పులు తక్కువ ధరకు ఇచ్చిన దుకాణదారు, గుడ్లు క్రమం తప్పకుండా పంపిన కోళ్ల ఫారం రైతు, ఆటో కిరాయి తీసుకోకుండా నార్కట్‌పల్లి దాకా వచ్చిన డ్రైవరు సోదరుడు, మార్చి 24న అందరికీ అంబలి, మజ్జిగ పోసిన కుటుంబం, మైకు పెట్టించిన యువకులు, వీరందరికీ సంఘం తరఫున నమస్కరిస్తున్నాను. ఎవరినైనా మరిచి ఉంటే అది నా లోపమే, మన్నించండి.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా అందజేస్తారు. ఆడిటు పూర్తయింది. ఎక్కువ ఖర్చు కప్పులకు, పౌష్టికాహారానికి, పెట్రోలుకు అయింది. తీగకు ఒక్క రూపాయి కూడా ఖర్చు కాలేదు. చందా బకాయి ఉన్నవారు సమావేశం రోజునే చెల్లించగలరు.

ఇప్పుడు కొంత కష్టమైన మాట. గత సర్వసభ్య సమావేశంలో ఇళ్లకు వెళ్లడానికి 26 మంది పేర్లు ఇచ్చారు. క్రమంగా వచ్చినవారు ఏడుగురు. యాసంగి కోతల సమయంలో, వడ్ల కొనుగోలు కేంద్రాల దగ్గర రోజుల తరబడి కాపలా ఉన్నప్పుడు రాలేకపోయిన రైతు సభ్యులను నేను ఏమీ అనను. చెరువుగట్టు జాతర వారం కూడా అర్థం చేసుకోగలను. కానీ పట్టణంలోనే ఉండి, ఫోను చేస్తే ఎత్తనివారికి ఏం చెప్పాలి? స్టాండు ఒకసారి ఇస్తే చాలు, కప్పులు మాత్రం ప్రతి వారం కావాలి. ఫిబ్రవరిలో రెండు గురువారాలు కనగల్ దారికి ఎవరూ వెళ్లలేదు. ఆ రెండు వారాలు అక్కడి ఇళ్లలో ఎర్ర స్టాండులు ఖాళీగా వేలాడాయి. ఒక ఇంట్లో మళ్లీ కొబ్బరి చిప్ప వచ్చింది. అది చూసి వచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సామాను పెట్టుకోవడానికి ఒక చిన్న గది ఇప్పించమని ఒక కార్యాలయానికి మూడుసార్లు వినతి పత్రం ఇచ్చాం. మొదటిది కనిపించలేదన్నారు. రెండోదానికి అధికారి బదిలీ అయ్యారన్నారు. మూడోదానికి రసీదు ఉంది, జవాబు లేదు. క్షయ రోగులకు పోషణ కోసం కేంద్రం ఇచ్చే సాయం 2024 నవంబరు నుంచి నెలకు 500 నుంచి 1,000 రూపాయలకు పెరిగింది. ఆ సంగతి మనం చెప్పేదాకా తెలియని కుటుంబాలు ఉన్నాయి. బ్యాంకు ఖాతా వివరాల్లో అక్షరం తేడా వల్ల డబ్బు రానివారి కోసం మన సభ్యులు పనులు మానుకుని కౌంటర్ల ముందు నిలబడ్డారు. సంఘం చేయవలసిన పని చేస్తుంది. జీతం తీసుకునేవారు కూడా తమ పని చేస్తే ఈ కుటుంబాలకు ఇన్ని తిరుగుళ్లు ఉండవు.

వచ్చే ఏడాదికి కార్యవర్గం ప్రతిపాదించేవి రెండే. ప్రతి దారికీ ఒక్కరు కాక ఇద్దరిని నియమించాలి, ఒకరు రాలేకపోతే మరొకరు వెళ్లాలి. దేవరకొండ వైపు తండాలకు కూడా స్టాండులు, కప్పులు చేర్చాలి. రెండో ప్రతిపాదన మొదటిది కుదిరితేనే.

కనగల్ దారికి గురువారం, చండూరు దారికి ఆదివారం మనుషులు కావాలి. పేరు ఇచ్చేవారు ఈసారి ఫోను నంబరుతో పాటు రాగలిగే వారాలు కూడా రాయండి. కొత్తగా వచ్చిన తీగ చుట్ట, మేకుల చెక్క, రెండు పటకారులు కార్యాలయం అల్మారా కింది అరలో ఉన్నాయి. సమావేశం ముగిశాక ఆ గది రాత్రి తొమ్మిది దాకా తెరిచే ఉంటుంది.

ఇట్లు,
కార్యదర్శి,
నల్గొండ