మా సుస్తీ బద్ధకం కాదు

సంపాదకులకు నమస్కారం.

మూడు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో మనం తప్పుగా వాడే మాటల గురించి ఒక చిన్న వ్యాసం వచ్చింది. ఆ జాబితాలో ‘సుస్తీ’ని కూడా చేర్చారు. అది పారసీ నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చిందని, దాని అసలు అర్థం బద్ధకం, మందకొడితనం అని, జబ్బు అనే అర్థంలో తెలుగువాళ్ళు వాడటం పొరపాటని రాశారు. మొదటి రెండూ నిజమే. మూడోదానితోనే నాకు పేచీ. (పేచీ కూడా అటునుంచి వచ్చిందే. అక్కడ మెలిక, ఇక్కడ తగాదా. దాన్నీ వెనక్కి పంపేస్తారా?)

నేను తపాలా శాఖలో 37 ఏళ్ళు గుమస్తాగా పనిచేశాను. ఈ మాట వల్ల దెబ్బలు తిన్నవాణ్ణి కాబట్టి దాని తరఫున మాట్లాడే హక్కు నాకుందనుకుంటాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో శిక్షణకు మైసూరు వెళ్ళాను. ఒకరోజు జ్వరంతో మంచం దిగలేక, వంటాయనతో చేతులు ఊపుతూ ‘సుస్తీ, సుస్తీ’ అన్నాను. ఆయన జాలిగా తల ఊపి, పెద్ద లోటాడు మజ్జిగ తెచ్చి పెట్టి, నిద్రపొమ్మని సైగ చేసి వెళ్ళిపోయాడు. కన్నడంలో ‘సుస్తు’ అంటే అలసట అని సాయంత్రం పక్క మంచం కుర్రవాడు చెబితే తెలిసింది. నాలుగేళ్ళ తరువాత ఉత్తరాదిన మరో శిక్షణ. అక్కడ తెల్లవారుజామున మైదానంలో పరుగు ఉండేది. ఒళ్ళు కాలిపోతున్న రోజున, నాకు వచ్చిన నాలుగు హిందీ ముక్కలతో, ‘సుస్తీ హై సాబ్’ అన్నాను. నాకు బద్ధకంగా ఉంది దొరా అని నా నోటితో నేనే చెప్పుకున్నానన్నమాట. రెండు చుట్లు అదనంగా తిరగమన్నారు. తిరిగాను. తప్పు ఆయనది కాదు, నాదీ కాదు.

అయితే మాట ఒకటే అయినా మనవాళ్ళు దాన్ని కూర్చోబెట్టిన చోటు చూడండి. హిందీలో సుస్తీ మనిషి దోషం. వాడు సోమరి. తెలుగులో ‘నాకు సుస్తీ చేసింది’ అంటాం. ఎవరు చేశారు? ఎవరూ చేయలేదు. జలుబు చేసింది, అజీర్తి చేసింది, జబ్బు చేసింది, అలాగే సుస్తీ చేసింది. మనిషి పక్కన నిలబడి ఉంటాడు, పని మాత్రం దానంతట అది జరిగిపోతుంది. తిట్టాల్సిన మాటను తెచ్చి, తప్పెవరిదీ కాకుండా వాక్యంలో ఇమిడ్చేశాం. పైగా ఇది ఉర్దూ మాటకే జరిగిన ముచ్చట కాదు. సంస్కృతంలో జడం నుంచి వచ్చిన ‘జాడ్యం’ అంటే కదలిక లేనితనం, మాంద్యం. మనకు జాడ్యం అంటే రోగం. రెండు భాషల నుంచి రెండు సార్లు ఒకే దారిలో నడిచారంటే, అది పొరపాటు అని నేను ఒప్పుకోను. ఒంట్లో బాగాలేనివాడు ముందుగా నెమ్మదిస్తాడు, అంతే కదా.

ఇంకో సంగతి. మనకు జబ్బులో మెట్లు ఉన్నాయి. ‘నలతగా ఉంది’ అంటే ఆ పూటకు స్నానం మానేస్తారు. ‘సుస్తీగా ఉంది’ అంటే పడుకున్నారు కానీ చారన్నం కలిపి పెడితే లేచి తింటారు. ‘జబ్బు చేసింది’ అంటే చుట్టాలు చూడటానికి వస్తారు. ‘రోగం’ మాత్రం ఎదుటివాడి ముఖం మీద అనరు, తిట్టడానికి తప్ప.

ఈ మెట్లు తెలియని చోట ఏమవుతుందో నా కౌంటరు ముందే చూశాను. ఒక పెద్దావిడ వచ్చి, భిలాయి ఉక్కు కర్మాగారంలో ఉన్న కొడుక్కి తంతి (టెలిగ్రాం) ఇవ్వమంది. ‘పెద్దగా ఏమీ లేదు బాబూ, అమ్మకు సుస్తీగా ఉంది, వీలుంటే ఒకసారి వచ్చి పొమ్మని కొట్టు’ అంది. మాటకు ఇంత అని లెక్క. ఆవిడ కొంగుముడిలోని చిల్లర చూసి మూడు మాటల్లో సరిపెట్టాను: ‘మదర్ సిక్ కమ్’. మూడో రోజు ఆ అబ్బాయి రైలు దిగి, రిక్షాలో ఏడుస్తూ ఇంటికి వెళితే, తల్లి అరుగు మీద చేటలో బియ్యం ఏరుకుంటూ కనిపించిందట. తిన్నగా నా దగ్గరికి వచ్చాడు. కళ్ళింకా ఎర్రగానే ఉన్నాయి. ‘మా అమ్మ మీకు ఏమని చెప్పింది, మీరు ఏమని కొట్టారు?’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి సుస్తీ కబురు తెచ్చినవాళ్ళ చేత కార్డే రాయించేవాణ్ణి. ‘ఇక్కడ అందరం కులాసా, అమ్మకు మాత్రం కొంచెం సుస్తీగా ఉంది, కంగారు పడనక్కరలేదు’ అని. ఆ కులాసా కూడా ఉర్దూ నుంచి వచ్చిందే. అక్కడ ఖులాసా అంటే సారాంశం, వివరణ. మీ వ్యాసకర్త లెక్కన మన ఉత్తరాలన్నీ మొదటి వాక్యం నుంచే తప్పులు. 2013 జూలైలో తంతి సేవ ఆగిపోయినప్పుడు పత్రికలన్నీ బెంగపడ్డాయి. నేను పడలేదు.

మీ పత్రికతోనూ ఒక మాట. నాయకుడికి దగ్గు వచ్చినా మీరు ‘స్వల్ప అస్వస్థత’ అని రాస్తారు. జబ్బుకే మరో మాటయిన ‘ఖాయిలా’ను పట్టుకెళ్ళి నష్టాల్లో పడ్డ పరిశ్రమలకు ఇచ్చేశారు. కన్నడిగులు ‘కాయిలె’ను ఇప్పటికీ మనుషులకే వాడుకుంటున్నారు. మా మనవరాలు ఫోనులో ‘తాతయ్యా, నాకు హెల్త్ బాగాలేదు’ అంటుంది. నలతా, సుస్తీనా, జబ్బా అని అడిగితే కాని నాకు తెలియడం లేదు. ఉన్న మంచి మాటను తప్పుల జాబితాలో పెడితే దాన్ని ఇంకెవరు వాడతారు?

ఈ ఉత్తరం ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. వ్యాసం చదివిన రోజే మొదలుపెట్టాను. మధ్యలో పది రోజులు సుస్తీ చేసింది. తెలుగు సుస్తీయే.

– ఒక విశ్రాంత తపాలా ఉద్యోగి, తెనాలి