మిరపకాయ పొగ సంగతి తేల్చిన పారిస్ వాళ్ళకి థాంక్స్

ఈ పోస్ట్ చాలా రోజులుగా బాకీ పడిపోయింది, ఇవాళ సెలవు కాబట్టి కూర్చున్నాను. మా హైస్కూల్లో పిల్లలతో మిరపకాయ మీద పెట్టించిన ఎగ్జిబిషన్ బాగుందని చాలామంది మెచ్చుకున్నారు, గుంటూరు జిల్లాలో మిరపకాయ మీద ఎగ్జిబిషన్ అంటే చేపకి ఈత నేర్పడమే అని నవ్విన వాళ్ళు కూడా వచ్చి చూశారు. కష్టమంతా పిల్లలది. కానీ పదిమందిలో నా పరువు పోకుండా కాపాడింది మాత్రం పారిస్‌లోని ఒక చిన్న పండితుల సంఘం.

జరిగిందేమిటంటే, వాట్సాప్‌లో ఒక పాత బొమ్మ వచ్చింది. నిప్పుల మీద ఎండు మిరపకాయలు, పొగ లేస్తోంది, ఆ పొగ మీదకి ఒకాయన పిల్లాణ్ణి వంచి పట్టుకున్నాడు. కింద "ఐదొందల ఏళ్ళ కిందట మెక్సికోలోనూ దిష్టి తీసేవాళ్ళు" అని రాసి ఉంది. మా ఇంట్లో ఆదివారం ఆదివారం అమ్మ చేసేది అదే కదా, ఉప్పు, మిరపకాయలు మూడుసార్లు తిప్పి పొయ్యిలో పడేసి, ఘాటు రాకపోతే "అబ్బో, ఎంత దిష్టి తగిలిందో" అనడం. ఇంకేం, ఎగిరి గంతేసి పెద్ద ఫ్లెక్సీకి పెట్టేశాను. తీరా ప్రింటుకి ఇచ్చేముందు మళ్ళీ చూస్తే పిల్లాడు ఏడుస్తున్నాడు. దిష్టి తీస్తే పిల్లలు విసుక్కుంటారు గానీ ఇలా ఏడుస్తారా?

రెండు మూడు చోట్లకి మెయిల్ పెడితే ఉలుకూ పలుకూ లేదు. పారిస్‌లో ఉద్యోగం చేస్తున్న మా పిన్ని కొడుకు "అక్కా, ఇక్కడ అమెరికా ఖండం మీదే పనిచేసే వాళ్ళున్నారు, అడిగి చూడు" అని ఈ సంఘం పేరు చెప్పాడు. సొసియెతే దెజమెరికనిస్త్. అమెరికా అంటే డాలర్ల అమెరికా కాదు, కొలంబస్ వెళ్ళకముందు నుంచీ ఉన్న జనాల అమెరికా, ఉత్తరం కొస నుంచి దక్షిణం కొస దాకా, వాళ్ళ భాషలు, తవ్వకాలు, ఆచారాలు అన్నీ. 1895లో మొదలైందట, అప్పటి నుంచీ ఒక పత్రిక నడుపుతున్నారు, ఫ్రెంచి, స్పానిష్, పోర్చుగీస్, ఇంగ్లీషు నాలుగు భాషల్లోనూ రాస్తారు. పాత సంచికలు నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు.

నా వచ్చీరాని ఇంగ్లీషు మెయిల్‌కి అందులో సభ్యురాలైన ఒక ప్రొఫెసర్ గారు నాలుగో రోజున జవాబిచ్చారు. ఎంత ఓపికో! ఆ బొమ్మ కోడెక్స్ మెండోసా అనే పాత బొమ్మల పుస్తకంలోది, 1540ల ప్రాంతంలో మెక్సికోలో గీశారు, ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీలో ఉంది, 60వ ఆకు ముందు పక్క చూడండి అన్నారు. పిల్లాడి దగ్గర నీలం చుక్కలు లెక్కపెట్టమన్నారు. పదకొండు ఉన్నాయి, అంటే పదకొండేళ్ళు. పక్కన గుండ్రంగా ఒకటి, సగం ఒకటి ఉన్నవి మొక్కజొన్న రొట్టెలు, ఆ వయసుకి పూటకి ఒకటిన్నర. 59వ ఆకులో తొమ్మిదేళ్ళ వాణ్ణి కట్టేసి కిత్తనార ముళ్ళతో పొడుస్తున్నారు, పదేళ్ళ వాణ్ణి కర్రతో బాదుతున్నారు. అంటే వరసగా శిక్షలు! దిష్టీ లేదు గిష్టీ లేదు, మాట వినని పిల్లలకి మిరపకాయ పొగ. మన వీధిబడుల్లో పిల్లల్ని తాడుకి వేలాడదీసి కోదండం వేయడం ఉండేదే, ఆ బాపతు. ఒక్క ఆకు విడిగా చూస్తే ఎవరికి కావలసిన కథ వాళ్ళు చెప్పుకోవచ్చు, అందుకే ముందూ వెనకా చూడాలి అని ఆవిడ సున్నితంగా అన్నారు. నాకు కాస్త సిగ్గేసింది కూడా, రోజూ పిల్లలకి నేను చెప్పే మాటే అది.

అక్కడితో ఆగలేదు. అదే పుస్తకంలో కప్పం లెక్కల పేజీలు చూపించారు, ఎండు మిరపకాయల మూటలు బొమ్మలుగా వేసి, మీద జుట్టు పాయలాంటి గుర్తు పెడితే 400 అని లెక్క. మా నాన్న మిర్చి యార్డులో టిక్కీల లెక్క, అంటే మిరప బస్తాల లెక్క, రాసేవాడు, బతికుంటే ఈ పేజీ చూసి గుమస్తా పని మారలేదురా అనేవాడు. ఇంకోటి, అక్కడి వాళ్ళు ఉపవాసం ఉన్నప్పుడు ఉప్పు, మిరప మానేసేవాళ్ళట. చప్పిడి పథ్యమే కదా! మా ఎనిమిదో తరగతి అమ్మాయిలకి ఈ ముక్క తెగ నచ్చింది, ఎగ్జిబిషన్‌లో వచ్చిన వాళ్ళందరికీ ఇదే చెప్పారు.

నేనూ ఆ ప్రొఫెసర్ గారికి ఒకటి చెప్పగలిగానని చిన్న సంతోషం. ఆ కాయకి అప్పటి మెక్సికో వాళ్ళ నహువాట్ల్ భాషలో చిల్లి అని పేరు, ఇంగ్లీషు దాన్నే తీసుకుంది, మనం మాత్రం మిరియాన్ని బట్టి మిరప అన్నాం అని రాశాను. స్పెయిన్ వాళ్ళూ అంతే, మిరియం పిమియెంత, ఇది పిమియెంతో అని వెంటనే జవాబు. ఆ మెయిల్లో మూడు ఆశ్చర్యార్థకాలు ఉన్నాయి.

ఏం పంపమంటారు, మంచి కారం పంపనా అని అడిగితే వద్దన్నారు. మీ అమ్మగారు దిష్టి తీసేటప్పుడు ఏమంటారో రికార్డు చేసి పంపగలరా అన్నారు. అమ్మని అడిగితే "ఊరికే గాల్లో తిప్పకూడదు, ఎవరో ఒకరికి తియ్యాలి" అని ఒప్పుకోలేదు. తర్వాత తనే వచ్చి, "ఆవిడ ఫోటో ఉంటే ఫోన్లో పెట్టు, ఆవిడకే తీస్తా" అంది. ఫోటో కోసం మెయిల్ పెట్టాను.