సంస్మరణ సభ, శిలాఫలకం, సంచిక: జమా ఖర్చుల వివరణ

క్రోధి ఉగాది (2024 ఏప్రిల్ 9) నుంచి విశ్వావసు ఉగాది (2025 మార్చి 30) దాకా మన ఊళ్ళో కన్నుమూసినవారు 17 మంది. వారి జ్ఞాపకార్థం 2025 సెప్టెంబరు 14న సభ జరిపాం. సంచిక అచ్చు వేయించాం, పంచాయతీ తీర్మానం తీసుకుని గ్రంథాలయం ప్రహరీ పక్కన శిలాఫలకం నిలబెట్టాం. సెప్టెంబరు 30 నాటి లెక్క ఇది.

మొత్తం జమ రూ.1,80,372. మొత్తం ఖర్చు రూ.1,39,132. నిల్వ రూ.41,240. ఇందులో బ్యాంకులో 40,190, చేతిలో నగదు 1,050.

జమ

గత ఏడాది సంతాప సభ మిగులు 4,210. ఊళ్ళో 214 ఇళ్ళ నుంచి రశీదుల మీద 61,350. బయట ఊళ్ళలో ఉంటున్న 19 మంది నుంచి 76,000. మృతుల కుటుంబాల నుంచి 38,500. బ్యాంకు వడ్డీ 312.

మృతుల కుటుంబాలను మేం చందా అడగలేదు. మొత్తం 16 ఇళ్ళు (ఒక ఇంట్లో భార్యాభర్తలిద్దరూ పోయారు). వాటిలో 11 ఇళ్ళవాళ్ళు తామే తెచ్చి ఇచ్చారు. ఒక ఇంటి నుంచి 5,000కి మించి తీసుకోకూడదన్నది మొదటి రోజే రాసుకున్న తీర్మానం. 25,000 ఇస్తాం, మా నాన్న పేరు ఫలకం మీద అన్నిటికంటే పైన వేయించండి అన్నవారికి కూడా ఇదే చెప్పాం. పేర్ల వరుస చనిపోయిన తేదీ ప్రకారమే ఉంది. ఏమీ ఇవ్వని అయిదు ఇళ్ళ పెద్దల పేర్లూ అదే సైజు అక్షరాల్లో, అదే వరుసలో ఉన్నాయి. దాతల పేర్లు రాతి మీద ఎక్కడా లేవు, సంచిక చివరి పేజీలో ఉన్నాయి.

చందాలకు కమిటీ పేరున ఖాతా ఉంది, ముగ్గురిలో ఇద్దరు సంతకం పెడితేనే డబ్బు వస్తుంది. అయినా మొదటి వారం క్యూఆర్ కోడ్ కాగితం సిద్ధం కాక 6,500 రూపాయలు ఇద్దరు సభ్యుల సొంత ఫోన్‌పే ఖాతాల్లో పడ్డాయి. మూడో రోజున కమిటీ ఖాతాలోకి మార్చారు. ఆ ఎంట్రీలు పాసుపుస్తకంలో చూసుకోవచ్చు. ఇంకోసారి కోడ్ కాగితం చేతిలో లేకుండా వసూలు మొదలుపెట్టం.

విదేశాల్లో ఉన్నవారి విషయంలో ఒక మాట. భారత పౌరసత్వంతో అక్కడ ఉద్యోగం చేసుకుంటున్నవారు తమ సొంత డబ్బు మామూలు బ్యాంకు మార్గంలో పంపితే చిక్కు లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు పంపితే మాత్రం, మనవాళ్ళే అయినా, చట్టం లెక్కలో అది విదేశీ విరాళం. దానికి ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి, మనకు లేదు. అందుకే పంపుతామన్న ఇద్దరికి వద్దని చెప్పాం. మనసులో పెట్టుకోవద్దని మనవి.

శిలాఫలకం: 26,482

ఆరడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు నల్ల గ్రానైటు, మార్టూరు నుంచి తెచ్చాం. 18 చదరపు అడుగులు, అడుగు 240 చొప్పున 4,320. రవాణా 1,200. చీమకుర్తి గెలాక్సీ రాయి తెస్తే ఇంకా అందంగా ఉండేదని కొందరన్నారు. అందం నిజమే, కానీ ఆ రాతిలోని మెరుపు చుక్కలు ఎండ పడినప్పుడు సన్న అక్షరాలతో కలిసిపోతాయి. పేరు చదవడానికి పెట్టిన రాయికి చుక్కలు లేని నలుపే మేలు.

అక్షరాలు 486, ఒక్కోటి 12 రూపాయలు, మొత్తం 5,832. గుణింతం ఉన్నా ఒత్తు ఉన్నా ఒకటే అక్షరంగా లెక్క. అంకెకు కూడా అక్షరం ధరే. పేరు ముందు ‘కీ.శే.’ వేయించలేదు. కొందరు స్వర్గీయ అంటారు, కొందరు మర్హూం అంటారు, కొందరు ప్రభువునందు నిద్రించారంటారు. ఎవరి మాట వారిది, రాయి అందరిదీ. ఇంటిపేరు, పేరు, పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం, అంతే. ఆ రెండక్షరాలు మానేస్తే 408 రూపాయలు కూడా మిగిలాయనుకోండి.

రాతి మీద కంప్యూటరులో కత్తిరించిన స్టిక్కరు అంటించి, ఖాళీల్లోకి మిషనుతో ఇసుక కొడతారు. తెలుగుకు ఇక్కడే ఇబ్బంది. ఠ, థ లోపల చుక్క చుట్టూ మిగిలే స్టిక్కరు పిసరంత ముక్క. అక్షరం చిన్నదైతే ఇసుక తాకిడికి ఆ ముక్క లేచిపోతుంది. అందుకే ఎత్తు అంగుళంపావుకు తగ్గించలేదు. పైన శీర్షికకు పది అంగుళాలు, వరుసకు మూడంగుళాల చొప్పున 17 వరుసలకు 51, మిగిలిన 11 అంగుళాలు అడుగున దిమ్మెలోకి దిగడానికి, అంచుకు సరిపోయాయి. బంగారు రంగు బదులు తెల్ల రంగు నింపించాం. ఫలకం పడమటి ముఖం, మధ్యాహ్నం ఎండంతా దానిమీదే.

దిమ్మెకు సిమెంటు ఆరు బస్తాలు 1,980, ఇటుకలు 400కి 3,200, ఇసుక రవాణా 1,500, తాపీ మేస్త్రి రెండు రోజులు 2,200, ఇద్దరు కూలీలు రెండు రోజులు 2,800, బిగింపు కొక్కేలు, జిగురు 950. ఇసుకకు బిల్లు రాలేదు, ట్రాక్టరు డ్రైవరు సంతకంతో వోచరు ఉంది.

ఇక తప్పు సంగతి. ఏడో వరుసలో 1947 అని ఉండాల్సిన చోట 1974 పడింది. కాగితం ప్రూఫు మీద కూడా అలాగే ఉంది, మావాళ్ళిద్దరు చూసి సంతకం పెట్టారు. కాబట్టి రాయి చెక్కినవాళ్ళది తప్పు కాదు. గ్రానైటు మీద చెక్కింది చెరపడం కుదరదు, అరగదీస్తే ఆ మేర మెరుగు పోయి మచ్చ కనిపిస్తుంది. ఆ వరుస మీద సన్నని పలక అతికించి మళ్ళీ చెక్కించాం. 2,500 అయింది. దగ్గరికెళ్తే అతుకు కనబడుతుంది. సంతకం పెట్టిన ఇద్దరూ తామే కడతామన్నారు. ఆ కాగితం కమిటీ అంతా చూసిందే కనుక ఖర్చులోనే రాశాం. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి. వచ్చే ఏడు ప్రూఫు కాగితం మీద చూసి ఊరుకోం. స్టిక్కరు రాతి మీద అంటించాక, ఇసుక కొట్టకముందు, ఒకరు సంవత్సరాల అంకెల్ని కుడి నుంచి ఎడమకు ఒక్కొక్కటిగా చదవాలి, ఇంకొకరు జాబితాలో టిక్కు పెట్టాలి. అలవాటుగా చదివితే కన్ను మోసం చేస్తుంది.

పుట్టిన సంవత్సరాల దగ్గర ఇంకో తలనొప్పి వచ్చింది. చాలామంది ఆధార్‌లో పుట్టినతేదీ జనవరి 1 అని ఉంటుంది, నోటిమాటగా చెప్పిన వయసును బట్టి వేసినది. ఇద్దరు అమ్మల విషయంలో ఆ లెక్క నమ్మితే పెద్దకొడుకు కంటే తల్లి తొమ్మిదేళ్ళే పెద్ద. అందుకని మొదట పదో తరగతి సర్టిఫికెట్టు, అది లేకపోతే ఇంటి పెద్దలు చెప్పింది, చివరికి ఆధార్ చూశాం. తేదీ, నెల వదిలేసి సంవత్సరమే వేయించాం.

సంచిక: 25,250

డెమ్మీ 1/8 సైజు, 48 పేజీలు, 350 కాపీలు. ఈ సైజులో ఫారానికి (అచ్చుకు ఎక్కే ఒక పెద్ద కాగితానికి) 16 పేజీలు, మూడు ఫారాలకు 48. యాభై పేజీలు చేద్దామంటే కుదరదు, రెండు పేజీల కోసం ఇంకో ఫారం ఎక్కాలి. కాగితం, అచ్చు, అట్ట, బైండింగు పన్నుతో సహా కాపీకి 58 చొప్పున 20,300. డీటీపీ పేజీకి 50 చొప్పున 2,400. ఫొటోలు స్కాన్ చేసి బాగుచేయడానికి 17కి 150 చొప్పున 2,550.

ఒక్కొక్కరికి రెండు పేజీలు. మాజీ సర్పంచికీ రెండే, పొలం కూలికి వెళ్ళిన ఆమెకూ రెండే. ఇళ్ళకు వెళ్ళి అందరినీ ఒకే ప్రశ్నలు అడిగాం: పుట్టింటి ఊరేది, ఏ పనిలో చెయ్యి తిరిగినవారు, ఊళ్ళో ఏమని పిలిచేవారు, ఎవరికి ఆ పని నేర్పారు. ‘మంచివారు, మృదుస్వభావులు’ అన్న మాటలు దాదాపు పదిహేడు కాగితాల్లోనూ వచ్చాయి, తీసేశాం. కాలువ నీళ్ళు వంతులు వేసిన పెద్దాయన పేజీలో ఏ తూము కింద ఎన్ని ఎకరాలు, రాత్రి వంతు ఎవరిదన్నది ఉంది. మంత్రసాని పేజీలో ఆమె చేతుల మీద పుట్టి, ఊళ్ళో ఇప్పుడూ ఉన్నవాళ్ళ సంఖ్య ఉంది. ఆడవాళ్ళకు మెట్టినింటి పేరుతోపాటు పుట్టింటి పేరు కూడా వేశాం. రెండు తరాల తర్వాత ఎవరైనా వెతుక్కుంటే దారి దొరకాలి.

ఆ కూలికెళ్ళిన ఆమెకు ఫొటో లేదు. ఉన్నదల్లా పాత రేషన్ కార్డు మీద కుటుంబమంతా కలిసి నిలబడిన ఫొటో. అందులో ఆమె ముఖం బియ్యపు గింజంత, చెంప మీదుగా ఆఫీసు ముద్ర. 1200 డీపీఐలో స్కాన్ చేయించి తలవరకు తీశాం. ముద్ర పూర్తిగా చెరిపితే చెంప మనిషిది కాకుండా పోయింది, అందుకని సగం ఉంచేశాం. స్టూడియోవాళ్ళకు మరోమాట గట్టిగా చెప్పాం: ఎన్నడూ కోటు వేసుకోని మనిషికి కోటు తొడగొద్దు, ఆడవాళ్ళకు పట్టుచీర అతికించొద్దు. అయినా ఒకటి కోటుతో వచ్చింది, వెనక్కి పంపాం.

ఫోన్లలో కొట్టి పంపిన తెలుగును డీటీపీలో వాడే ‘అను’ ఫాంటులోకి మార్చినప్పుడు ఒత్తులు చెదిరాయి, ‘లక్ష్మి’ ప్రతిచోటా విరిగింది. మూడు ప్రూఫులు చూశాం, దీనికి ఎవరికీ డబ్బివ్వలేదు.

పంపిణీ: మృతుల ఇళ్ళకు అయిదు చొప్పున 80, చందా ఇచ్చిన ఇళ్ళకు 214, బయట ఊళ్ళవారి తరఫున ఇక్కడి వారి ఇళ్ళలో 19, గ్రంథాలయానికి 5. మిగిలినవి 32, గ్రంథాలయంలో ఉన్నాయి.

వివరాలు సేకరిస్తుంటే 17లో నాలుగు మరణాలు అసలు నమోదే కాలేదని బయటపడింది. 21 రోజుల్లోపు అయితే రుసుము లేదు. 30 రోజులు దాటితే పైఅధికారి అనుమతి కావాలి, ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. దినకర్మల హడావుడిలో ఇది మరిచిపోతారు, తర్వాత పింఛనుకో పొలం మార్పుకో తిరగాల్సి వస్తుంది. ఈ వివరం సంచిక వెనుక అట్ట మీద వేశాం.

సభ: 30,042

వాన పడినా తడవని షామియానా 9,000, కుర్చీలు 400కి 3,200, మైకు 4,500, జనరేటరు డీజిలుతో 2,500, ఫ్లెక్సీ 96 చదరపు అడుగులు 1,152, దండలు 17కి 2,040, ఫ్రేములు 17కి 7,650. ఫ్రేములు సభ కాగానే ఇళ్ళవాళ్ళకు ఇచ్చేశాం.

మహాలయ అమావాస్య 21న, అదీ ఆదివారమే. ఆరోజు పెడితే తర్పణాల ఇళ్ళవాళ్ళు రాలేరు, చర్చికి వెళ్ళేవాళ్ళకు అది తమ సభ అనిపించదు. అందుకే వారం ముందు పెట్టాం. మనిషికి నాలుగు నిమిషాలనుకున్నాం, మూడు గంటలు పట్టింది. మైకులో 500 ఆలస్యానికి కట్టిందే.

భోజనాలు: 44,750

వంటవారికి 9,000, కిరాణా 16,450 (కందిపప్పు 20 కిలోలు ఇందులోనే), కూరగాయలు 7,800, పాలు పెరుగు 4,600, విస్తళ్ళు 700కి 2,800, నీళ్ళ క్యాన్లు 40కి 800, గ్యాసు సిలిండర్లు రెండు 3,300. నాలుగు ఇళ్ళవారు పాత బీపీటీ బియ్యం పాతిక కిలోల బస్తా చొప్పున ఇచ్చారు, దానికి రొక్కం లెక్క కట్టలేదు. పది కిలోలు 70 మందికి వస్తాయి. 90 కిలోలు వండితే 620 మందికి సరిపోయింది, మిగిలిన పది కిలోలు వంటసాయానికి వచ్చిన ఆడవాళ్ళకు ఇచ్చాం. 500 మంది వస్తారని పెరుగు తోడుపెట్టించాం, అది చాలక ప్యాకెట్లు కొనాల్సి వచ్చింది. గారెలు లేవేమని అడిగారు. అంతమందికి వేడిగా వేయడానికి ఇంకో పొయ్యి, ఇద్దరు మనుషులు కావాలి.

ఫ్రీజర్ బాక్సు: 10,000

సంస్మరణ డబ్బు దీనికెందుకన్న ప్రశ్న వచ్చింది. అంత్యక్రియల దాకా భౌతికకాయాన్ని ఉంచే ఊరి బాక్సు వేసవిలో ఒక ఇంట్లో అర్ధరాత్రి ఆగిపోయింది. పిల్లలు దూరం నుంచి వచ్చేదాకా ఆ ఇంటివాళ్ళు పడిన యాతన చూసినవాళ్ళే దీన్ని బాగుచేయించమన్నారు. కంప్రెసరు గ్యాసు, మూత చుట్టూ రబ్బరు కలిపి 6,800, స్టెబిలైజరు 3,200. వాడేవారు గుర్తుంచుకోవాల్సింది: గంట ముందే స్విచ్ వేసి చల్లబడనివ్వండి. చదునైన నేల మీద పెట్టండి. ఫ్యాను పాయింటుకో సన్న ఎక్స్‌టెన్షన్ తీగకో తగిలించొద్దు, 16 ఆంపియర్ల సాకెట్టే వాడండి. వచ్చినవారందరికీ మూత తీసి చూపిస్తే చల్లదనం నిలవదు, పైన అద్దం ఉన్నది అందుకే.

చిల్లర ఖర్చులు: 2,608

రశీదు పుస్తకాలు 450, జిరాక్సు, ముద్ర 640, ఆటోలు 1,400, బ్యాంకు చార్జీలు 118.

నిల్వ 41,240లో చేతి నగదు 1,050 కూడా బ్యాంకులో వేస్తాం. విశ్వావసు ఉగాది తర్వాత పోయినవారికి రెండో ఫలకం కావాలి, దిమ్మె ఇప్పటికే దానికి సరిపడా కట్టించాం కనుక రాయి, అక్షరాలు, బిగింపు మాత్రమే ఖర్చు. బిల్లులు, వోచర్లు, రశీదు అడుగుకాగితాలు, పాసుపుస్తకం నెలాఖరు దాకా సాయంత్రం 5 నుంచి 7 వరకు గ్రంథాలయంలో ఉంటాయి. ఫలకం మీద గానీ సంచికలో గానీ పేరు, సంవత్సరం తప్పు కనిపిస్తే అక్కడి పుస్తకంలో రాసి సంతకం పెట్టండి.