గ్రామెట్ మళ్లీ వేయాల్సి రావచ్చని మొదటిసారే చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

మధ్యచెవిలో, అంటే కర్ణభేరి వెనుక, ద్రవం చేరిన పిల్లలకు ఆ కర్ణభేరిలో అమర్చే గ్రామెట్ గురించి మీ ఆరోగ్య పేజీలో వచ్చిన వ్యాసం శస్త్రచికిత్స తీరును చక్కగా వివరించింది గానీ, ఆ చిన్న గొట్టం ఊడిపోయాక కొందరికి మళ్లీ ఎందుకు వేయాల్సి వస్తుందన్న సంగతిని ఒక్క వాక్యంతో దాటేసింది. తల్లిదండ్రులను ఎక్కువగా కలవరపెట్టేది అదే.

సాధారణంగా వాడే గ్రామెట్ 6 నుంచి 18 నెలల్లోపు దానంతట అదే ఊడి వస్తుంది. అది ఉన్నన్నాళ్లూ మధ్యచెవికి గాలి అందుతుంది, అంతే. ముక్కు వెనుక భాగాన్ని చెవితో కలిపే యూస్టేషియన్ నాళంలోని లోపాన్ని అది సరిచేయదు. పసిపిల్లల్లో ఈ నాళం పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉండి, వయసుతోపాటే కుదురుకుంటుంది. అందుకే రెండేళ్లలోపు మొదటి గ్రామెట్ పడిన పిల్లలకు, నాళం కుదురుకోకముందే గొట్టం ఊడిపోయి, మళ్లీ ద్రవం చేరే అవకాశం పెద్ద పిల్లలకన్నా ఎక్కువ. అంగిలి చీలికతో పుట్టిన పిల్లల్లో నాళాన్ని తెరిచే కండరాలే సరిగా పనిచేయవు; డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో నాళం సన్నగా ఉంటుంది. ఈ రెండు సందర్భాల్లోనూ రెండో శస్త్రచికిత్సను మొదటిదాని వైఫల్యంగా చూడడం అన్యాయం.

ఎడినాయిడ్ విషయం కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. యూస్టేషియన్ నాళపు ద్వారం పక్కనే ఉండే ఈ కణజాలం వాచినా, అందులో ఇన్ఫెక్షన్ తిష్ఠవేసినా చెవికి చేటే. చెవి, ముక్కు, గొంతు వైద్యుల సంఘమైన అమెరికన్ అకాడమీ ఆఫ్ ఓటోలారింగాలజీ 2022లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం, నాలుగేళ్లు, ఆపై వయసు పిల్లలకు గ్రామెట్‌తోపాటు ఎడినాయిడ్‌ను కూడా తొలగిస్తే మళ్లీ గొట్టం వేయాల్సిన అవసరం తగ్గవచ్చు. అంతకన్నా చిన్నవారికి మాత్రం ముక్కు మూసుకుపోవడం, ఎడినాయిడ్ ఇన్ఫెక్షన్ వంటి ఇబ్బందులుంటేనే ఆ ఆలోచన చేయాలి. మళ్లీ వేయాల్సి వస్తుందన్న భయంతో మొదటిసారే ఎక్కువ కాలం నిలిచే గొట్టం అడిగేవారూ ఉన్నారు. దానివల్ల కర్ణభేరికి శాశ్వతంగా రంధ్రం మిగిలే ప్రమాదం పెరుగుతుంది కనుక, ప్రత్యేక కారణం లేనిదే అది వద్దని అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఇంట్లో పొగతాగడం, పసిపిల్లలు గుంపుగా గడిపే చోట తరచూ సోకే జలుబులు మధ్యచెవి జబ్బులను పెంచుతాయి. మొదటిదాన్ని మానడం పెద్దల చేతిలో ఉంది. స్నానం చేయించేటప్పుడు చెవిలో నీళ్లు పోనిచ్చినందుకే మళ్లీ ద్రవం చేరిందని తల్లులను నిందించడానికి మాత్రం ఆధారం లేదు. నీటి విషయంలో ప్రత్యేక జాగ్రత్తలు గ్రామెట్ ఉన్న పిల్లల్లో కొందరికే అవసరం పడతాయి.

కాబట్టి మొదటి శస్త్రచికిత్సకు సంతకం తీసుకునేటప్పుడే, ఆ బిడ్డ వయసు, అంగిలి, ఎడినాయిడ్ స్థితిని బట్టి రెండోసారి అవసరం పడే అవకాశం ఎంతో వైద్యులు విడమరచి చెప్పాలి. గొట్టం ఊడిపోయిందనగానే పరీక్షలు ఆపేయకుండా, చెవినీ వినికిడినీ మళ్లీ చూపించుకోవాలని కూడా ఆనాడే చెప్పాలి. తిరిగి ద్రవం కనిపించినంత మాత్రాన వెంటనే శస్త్రచికిత్సకు పరుగెత్తనక్కర్లేదు. ఇతర లోపాలేవీ లేని బిడ్డలో అది మూడు నెలల్లోపు దానంతట అదే తగ్గిపోవచ్చు. తగ్గకపోతే వినికిడి పరీక్ష చేయించి, ఆ ఫలితాన్ని ముందుంచుకుని నిర్ణయించుకోవచ్చు.

ఇట్లు,
పిల్లల వినికిడి పరీక్షలు చేసే ఒక పాఠకురాలు