శ్మశానం దారికి ఐదు వేళ్ల సామెత సమాధానమా?

సంపాదకుడికి,

అయ్యా, సంపూర్ణ సామాజిక సమానత్వం సాధ్యం కాదనీ, సాధ్యమైనా మంచిది కాదనీ వాదిస్తూ పది రోజుల క్రితం మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. కోపం తగ్గాక రాయడం మేలని ఆగాను. తగ్గలేదు.

ఐదు వేళ్లూ సమానంగా ఉంటాయా అని వ్యాసకర్త అడిగారు. ఉండవు. ముప్పై ఒక్క ఏళ్లు బడిపంతులుగా పని చేశాను, ఏ పరీక్షలోనూ పిల్లలందరికీ ఒకే మార్కులు వేయలేదు. అందరికీ ఒకే జీతం, ఒకే రకం ఇల్లు కావాలని మా దళిత పేటలో ఎవరూ అడగడం లేదు. కానీ మధ్యాహ్న భోజనం వండే ఆవిడది ఏ కులమో తెలిసి, కొందరు తల్లిదండ్రులు పిల్లలను బంతిలోంచి లేపి తీసుకుపోయిన రోజు నేను ఆ వరండాలోనే ఉన్నాను. కొందరు పిల్లల చేతుల్లో ముద్ద అలాగే ఉంది. అది ప్రతిభలో తేడానా?

రాజ్యాంగం 17వ అధికరణ అస్పృశ్యతను రద్దు చేసి, ఏ రూపంలోనూ దాన్ని పాటించకూడదన్నది. కొంత మేరకు అనే మాట అందులో లేదు. రాజకీయాల్లో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత్వం అనే వైరుధ్యాన్ని త్వరగా తొలగించుకోకపోతే ప్రజాస్వామ్యానికే ముప్పని 1949 నవంబరు 25న అంబేద్కర్ రాజ్యాంగ సభలో హెచ్చరించారు. 1985లో కారంచేడులో దళితుల ఊచకోత చూశాం. అక్కడ గొడవ మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గర. 1991లో చుండూరులో మళ్లీ దళితుల ఊచకోత చూశాం.

ఇక మా సంగతి. ఊరి శ్మశానానికి సిమెంటు రోడ్డు, షెడ్డు, చేతిపంపు ఉన్నాయి. మా పేట శ్మశానం కాలువ గట్టు అవతల ఉంది, దారి లేదు. పోయిన ఆగస్టులో మా పెదనాన్న కొడుకు చనిపోతే మోకాలి లోతు నీళ్లలో, వరి చేలోంచి పాడె మోసుకెళ్లాం. చేను తొక్కారని మర్నాడు ఆసామి వచ్చి మా వాకిట్లో అరిచాడు. ఆయన పంట నష్టం నిజమే. మాకు మరో దారి లేదన్నదీ నిజమే. ఇప్పటికి నాలుగు అర్జీలు ఇచ్చాం. ఆ గట్టు నీటిపారుదల శాఖదని రెవెన్యూ వాళ్లు, పంచాయతీదని నీటిపారుదల వాళ్లు, తమ దగ్గర నిధులు లేవని పంచాయతీ వాళ్లు చెబుతున్నారు.

నెలాఖరున, అంటరానితనం మీద అవగాహన కల్పించే పౌరహక్కుల దినం పేరుతో అధికారులు వస్తారు. కుర్చీల్లో కూర్చుని, ఫొటో తీసుకుని, సంతకాలు చేయించుకుని వెళ్తారు. దారి సంగతి ఎత్తితే అది ఈ సభకు సంబంధించింది కాదంటారు. మరి దేనికి సంబంధించింది? ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం (అట్రాసిటీ చట్టం) నియమాల ప్రకారం జిల్లా నిఘా కమిటీ మూడు నెలలకోసారి, ముఖ్యమంత్రి అధ్యక్షతన ఉండే రాష్ట్ర కమిటీ జనవరి, జులై నెలల్లో సమావేశం కావాలి. మా జిల్లా కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందో కార్యాలయంలో చెప్పగలిగినవారు లేరు. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో అధికారులు చేల గట్ల మీద నడిచి వచ్చి చూసేవారు. ఇప్పటివారు కారు దిగడం లేదు.

వానలు పడకముందే ఆ దారికి మట్టి తోలించి మెరక చేయించాలి. మీ మండల విలేకరిని ఒకసారి పంపండి. గట్టు దాకా నేనే తీసుకువెళ్తాను.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కృష్ణా డెల్టా