రోరిక్ గదుల తలుపులు తీయొద్దు

సంపాదకుడు గారికి,

కులూ-మనాలీ యాత్ర మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. నగ్గర్‌లోని నికొలస్ రోరిక్ ఇంట్లో టికెట్ కొన్నా పై గదుల్లోకి పోనివ్వరని, అద్దాల్లోంచి చూసి రావడమేనని వ్యాసకర్త విసుక్కున్నారు. ఆ గదులు తెరవాలట. నేను ఒప్పుకోను.

అదేమీ రాజుగారి కోట కాదు, కొండవాలున కట్టిన రెండంతస్తుల ఇల్లు. ఈ రష్యన్ చిత్రకారుడు 1928లో కుటుంబంతో అక్కడికి చేరి, 1947 డిసెంబరులో కన్నుమూసే దాకా హిమాలయాలను గీస్తూనే ఉన్నాడు. 1942లో నెహ్రూ, ఇందిర అతిథులుగా వచ్చిందీ ఆ ఇంటికే. కింద చిత్రాల గ్యాలరీ. పైన ఆ కుటుంబం వాడిన సామాను ఎక్కడిది అక్కడే ఉంచారు. సీజన్‌లో మనాలీ రోడ్డు మీద కార్ల బారు చూసినవాళ్లను అడగండి, అందులో పదోవంతు జనం ఆ గదుల్లోకి దిగితే ఏం మిగులుతుందో! సెల్ఫీ కోసం ఆయన కుర్చీలో కూర్చోకుండా ఆగేవాళ్లు ఎందరు?

యుద్ధం వచ్చినా కళాసంపద జోలికి పోకూడదని 1935లో దేశాల చేత ఒప్పందం చేయించిన మనిషి ఆయన. 1972 నాటి చట్టం కింద ఆయన చిత్రాలు కళానిధులు, దేశం దాటించడానికి వీల్లేదు. బొమ్మలకు అంత కట్టడి ఉన్నప్పుడు అవి గీసిన మనిషి గదులకు ఓ అద్దం అడ్డుంటే తప్పేంటి?

అయితే వ్యాసకర్త విసుగులో కొంత న్యాయం ఉంది. ఎండ పడితే ఆ కిటికీల్లో గది కన్నా మన మొహమే ఎక్కువ కనిపిస్తుంది. నుదురు ఆనించి, రెండు చేతులూ అడ్డుపెట్టుకుంటే గానీ లోపలి సామాను ఆనదు. లోపల చిన్న లైటు, వెలుగు తిరగగొట్టని అద్దం, ఏ గది ఎవరిదో పెద్ద అక్షరాల్లో బోర్డు పెడితే చాలావరకు తీరే బాధ ఇది.

ఇంకో మాట. రోరిక్ చిన్నకొడుకు స్వెతోస్లావ్ భార్య, నటి దేవికారాణి పుట్టింది మన వాల్తేరులోనే. నాతో బస్సులో వచ్చిన తెలుగువాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు కనపడలేదు. మా గైడూ చెప్పలేదు. ఇక్కడి నుంచి ప్యాకేజీలు నడిపేవాళ్లు నగ్గర్ కోట ముందు ఫొటోలు తీయించి బస్సెక్కించే బదులు ఈ ఇంటికి ఓ పూట కేటాయించాలి. జనం తీరిగ్గా వంతులవారీగా చూస్తారు, కిటికీల దగ్గర తోపులాటా ఉండదు.

– ఓ పాఠకుడు, విశాఖపట్నం