సీనరేజికి క్వారీ, పరిహారానికి గుంత: రెవెన్యూ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రెవెన్యూ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. శ్రీకాకుళం జిల్లా లావేరు మండలం నుంచి రాస్తున్నాను. మా పట్టా భూమిలో గ్రావెల్ క్వారీ నడుస్తోంది. ఆ భూమి ఇప్పుడు రోడ్డు కోసం భూసేకరణలో పోతోంది. పోనీయండి, రోడ్డు అందరికీ కావాల్సిందే. కానీ పరిహారంలో మా క్వారీకి విలువ కట్టలేదని అర్జీలు పెట్టుకున్నాం. సోమవారం గ్రీవెన్స్‌లో రసీదులిచ్చారు. ఆనక "మీ సమస్య పరిష్కరించబడినది" అని ఫోనుకు మెసేజ్ కూడా వచ్చింది. ఏం పరిష్కరించారో పంపినవారే చెప్పాలి.

పంచనామాలో రాసింది ఇది: "మెట్ట. మధ్యలో పెద్ద గుంత కలదు. సాగుకు పనికిరాదు." ఆ గుంతే మా క్వారీ అండీ! దానికి లీజుంది, ఆమోదించిన మైనింగ్ ప్లాన్ ఉంది, పర్యావరణ అనుమతి ఉంది. ఇవన్నీ వదిలేసి గుంతను లోపంగా లెక్కేసి, పక్కనున్న ఉత్త మెట్ట కంటే మాకు తక్కువ కట్టారు.

గట్టుకు అవతల మా చిన్నాన్న జీడిమామిడి తోట. ఉద్యాన శాఖ వాళ్లొచ్చి చెట్టుచెట్టుకూ నంబరు వేసి, వయసూ కాపూ చూసి లెక్క కట్టారు. బోరుకు కట్టారు, పశువుల పాకకూ కట్టారు. సంతోషమే. మా దగ్గరికొచ్చేసరికి "మట్టేగదండీ, దానికి కాలమ్ లేదు" అన్నారు.

అదే మట్టికి సీనరేజి, అంటే తవ్విన ఖనిజం మీద ప్రభుత్వం తీసుకునే రుసుము, కట్టించుకున్నప్పుడు కాలమ్ ఎక్కడి నుంచి వచ్చింది? దాని మీద గనుల ప్రాంతాల బాగు కోసమని జిల్లా ఖనిజ ఫౌండేషన్ వాటా తీసుకున్నప్పుడు? పర్మిట్ లేకుండా ఒక్క ట్రాక్టరు రోడ్డెక్కితే ఆపి, ఘనపు మీటర్లలో కొలిచి జరిమానా రాస్తారే, అప్పుడు? 1957 నాటి గనుల చట్టమే గ్రావెల్‌ని చిన్న తరహా ఖనిజం అంది. భూమి కింది ఖనిజం మామూలుగా భూయజమానిదేనని 2013లో సుప్రీంకోర్టు కేరళ కేసులో చెప్పింది. పరిహారం రోజున మాత్రం అది మళ్లీ మట్టయిపోతోంది.

మేం గొంతెమ్మ కోర్కెలు కోరడం లేదు. మా బావనడిగితే మొత్తం గ్రావెల్‌ని టిప్పరు ధరతో గుణించి కోట్లు చెప్తాడు. ఆ లెక్క మీరు నమ్మొద్దు, నేనూ నమ్మను. ఎకరాకు మీటరు లోతు తవ్వితే 4,047 ఘనపు మీటర్లు. అందులోంచి హద్దు వెంట వదలాల్సిన 7.5 మీటర్లు తీసేయండి, గోడ జారకుండా ఉంచే వాలు తీసేయండి. పైన రెండడుగుల ఎర్రమట్టి అమ్ముడుపోదు, అడుగున సుద్ద తగిలితే అక్కడితో ఆపాలి. తవ్విన గ్రావెల్ పొంగుతుంది కాబట్టి భూమిలో కొలతా, టిప్పరులో కొలతా ఒకటి కావు. ఏది తీసుకుంటున్నారో రాయండి. మిగిలినదాంట్లో ప్రొక్లెయినర్ అద్దె, డీజిలు, ప్రభుత్వానికి కట్టేవి, చివర్న గుంత పూడ్చే ఖర్చు మినహాయించండి. లీజు మిగిలిన ఏళ్లలో ఏటా ఎంత అమ్ముడవుతుందో మా పర్మిట్లే చెప్తాయి. ఎప్పుడో వచ్చే డబ్బుకు ఈరోజు విలువ తక్కువే, అదీ తగ్గించండి. ఆ తర్వాత వచ్చేదే మా క్వారీ విలువ. మెట్ట ధర దీని మీద రెండోసారి కలపమని కూడా అడగను.

ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. గ్రావెల్ చవక, టిప్పరు కిరాయి ప్రియం. దూరం పెరిగేకొద్దీ లాభం కిరాయికే పోతుంది. మా క్వారీ జాతీయ రహదారి 16కు దగ్గర. పైడిభీమవరం వైపు పోతే ఫ్యాక్టరీలు, ఇంకాస్త ముందుకు పోతే భోగాపురం విమానాశ్రయం. లోపలెక్కడో కొండ పక్కనున్న భూమి రిజిస్ట్రేషన్ తెచ్చి మాకు పోలిక పెడితే ఎలా?

2013 భూసేకరణ చట్టం చదివాం సార్. భూమినంటిపెట్టుకున్న ఆస్తికి విలువ కట్టేటప్పుడు ఆ రంగం తెలిసిన నిపుణుడి సాయం తీసుకోవచ్చని 29వ సెక్షన్‌లో ఉంది. సంపాదనకు కలిగే నష్టం 28లో ఉంది. ఇవి చూపిస్తే అధికారులు "64వ సెక్షన్ కింద అథారిటీకి వెళ్లండి" అంటున్నారు, అంటే పరిహారం తగాదాలు తేల్చే చోటికి. అక్కడ తేలేలోపు మా పిల్లల పెళ్లిళ్లు కూడా అయిపోతాయి.

ఇంకో మాట. ఆ రోడ్డు కట్టకు గ్రావెల్ కావాలి కదా. మా భూమిలోదే తీసి పోస్తారని పనివాళ్లే అంటున్నారు. అప్పుడు బిల్లులో ఏమని రాస్తారు, మట్టనా?

దయచేసి మిషన్లు దిగకముందే గనుల శాఖ సర్వేయరునీ, విలువ కట్టడం తెలిసిన మనిషినీ పంపండి. మైనింగ్ ప్లాన్, పర్మిట్ల కట్ట, సీనరేజి చలానాలు అన్నీ సిద్ధంగా ఉన్నాయి. తవ్వేశాక కొలవడానికి అక్కడేమీ ఉండదు. అంతవరకూ చెక్కు ఇస్తే అభ్యంతరం రాసే తీసుకుంటాం.

ఇట్లు,
లావేరు మండలం పట్టాదారు